కాన్పులో కోత: అవసరమా, అలవాటా?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. ఐదో తరగతి దాకా నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఏడో నెల గర్భిణి. చాయ తాగి, ఊరి సంగతులు కాసేపు మాట్లాడి, మా ఆయన డ్యూటీకి బయలుదేరాక అసలు మాట బయటపెట్టింది. "టీచర్, దవాఖానల తొలికాన్పు అయితే అందరికీ కింద కోస్తరట గదా. నిజమేనా? అట్ల కోయకుంటే బిడ్డ బయటికి రాదా?"

ఆ పిల్ల ముందు మూడు దారులున్నాయి. ఒకటి, తల్లిగారి ఊరికి పోయి ఇంట్లోనే కనడం. రెండోది, అప్పు చేసి ప్రైవేటు దవాఖానలో పెద్దాపరేషన్ చేయించుకోవడం. "కడుపు కోస్తే మత్తన్నా ఇస్తరు గదా టీచర్" అంది. మూడోది సర్కారు దవాఖాన. భయం ఆమెను మొదటి రెండు దారుల వైపు నెడుతోంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా తొలికాన్పు కూడా ఈ బొగ్గుబాయిల ప్రాంతంలోనే, ఒక దవాఖానలోనే అయింది. అప్పటికి నేను టీటీసీ చదివి, బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని. నొప్పుల నడుమ కింద ఏదో చల్లగా తగిలింది. బిడ్డ ఏడుపు వినబడింది. తర్వాత ఎవరో "కదలకు" అన్నారు. కుట్లు వేస్తున్నారు. నాకు కోత పెట్టారని అప్పుడు తెలిసింది. ఎందుకని అడిగితే "తొలికాన్పు గదా, అందరికీ పెట్టేదే" అన్నారు. నెలకు పైగా సరిగ్గా కూర్చోలేకపోయాను. పక్కకు ఒరిగి బిడ్డకు పాలిచ్చాను. బడికి తిరిగి వెళ్లాక కూడా పిల్లల పక్కన నేల మీద కూర్చోవాలంటే జంకేదాన్ని. ఇప్పుడు ఆ నొప్పి మరిచిపోయాను. "అందరికీ" అన్న మాట మాత్రం మరిచిపోలేదు.

నిజంగా అందరికీ అవసరమైతే అది నాకూ అవసరమే, బాధ ఎందుకు? అవసరం కాకపోతే, కాదని తెలిసి కూడా ఎందుకు చేస్తారు? ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నేను ఇరవై ఏళ్ల కింద అడగాల్సిన ప్రశ్న. అందుకే చదివి, తెలిసినవాళ్లను అడిగి, ఇది రాస్తున్నాను.

కాన్పు సమయంలో బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు యోనిద్వారానికీ మలద్వారానికీ నడుమ ఉన్న భాగం సాగుతుంది. దారి పెద్దది చేయడానికి అక్కడ కత్తెరతో పెట్టే కోతను ఎపిసియోటమీ అంటారు. మన ఆడవాళ్లు "కింద కోసిన్రు", "కుట్లు పడ్డయి" అని మాత్రమే చెప్పుకుంటారు, అదీ గొంతు తగ్గించి. ఈ మాటలు రాయడానికి నాకూ కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ సిగ్గుపడి పలకని దాని గురించి ఎవరినీ అడగలేం. సైన్సు పాఠంలో ప్రత్యుత్పత్తి అధ్యాయం రాగానే "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసే టీచర్లం మనమే కదా.

ఈ కోత చరిత్ర తెలుసుకుంటే ఒక విషయం ఆశ్చర్యంగా అనిపిస్తుంది. 1742లో డబ్లిన్‌లో ఫీల్డింగ్ ఔల్డ్ అనే వైద్యుడు తన మంత్రసాని విద్య పుస్తకంలో దీని గురించి రాశాడు. తల ఎంతకీ బయటికి రాని కష్టమైన కాన్పుల్లో మాత్రమే చేయాల్సిన పని అన్నట్టు చెప్పాడు. అంటే మొదట ఇది అరుదైన ఆపదకు చేసిన ఉపాయం. 1920లో షికాగోకు చెందిన జోసెఫ్ డిలీ అనే పేరున్న వైద్యుడు, తొలికాన్పుల్లో మామూలుగానే కోత పెట్టి, పరికరంతో బిడ్డను తీయాలని వాదించాడు. కాన్పులు ఇళ్ల నుంచి ఆసుపత్రులకు మారుతున్న కాలం అది. కోత కూడా ఆసుపత్రి పద్ధతిలో భాగమైపోయింది. అక్కడి పుస్తకాలు చదివి నేర్చుకున్న మన దేశపు వైద్యం కూడా అదే దారి పట్టింది.

అందరికీ కోత పెట్టాలన్నవాళ్లు చెప్పిన కారణాలు వినడానికి సబబుగానే ఉంటాయి. దానంతట అది చిరిగితే వంకరటింకరగా చిరుగుతుంది, తిన్నగా కోస్తే కుట్టడం తేలిక, తొందరగా మానుతుంది. చిరుగు మలద్వారం దాకా పోకుండా ఆగుతుంది. ముందుముందు గర్భసంచి జారదు. బిడ్డ తలకు ఒత్తిడి తగ్గుతుంది. ఇవన్నీ నిజమైతే కోత అవసరమే. కానీ ఇవి నిజమా కాదా అని పరీక్షించి చూడటం చాలా ఏళ్ల తర్వాత గానీ జరగలేదు.

1984లో ఇంగ్లండులో 1000 మంది తల్లులతో చేసిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. 1993లో అర్జెంటీనాలో 8 ఆసుపత్రుల్లో 2606 మంది తల్లులతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. అర్జెంటీనాలో తల్లులను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపులో మామూలుగా అందరికీ కోత అనే పద్ధతి, రెండో గుంపులో అవసరమైతేనే అనే పద్ధతి. మొదటి గుంపులో సుమారు 83 శాతం మందికి కోత పడింది, రెండో గుంపులో 30 శాతం మందికే. మలద్వారం దాకా పోయే తీవ్రమైన చిరుగులు మొదటి గుంపులో 1.5 శాతం, రెండో గుంపులో 1.2 శాతం. అంటే అంతమందిని అదనంగా కోసినా కాపాడింది ఏమీ లేదు. ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సంస్థ 2017 సమీక్షలో, అవసరాన్ని బట్టి కోత పెట్టే పద్ధతిలో తీవ్రమైన గాయాలు సుమారు 30 శాతం తక్కువని తేలింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మామూలు కాన్పులో అందరికీ కోత పెట్టే పద్ధతిని సిఫార్సు చేయడం లేదని స్పష్టంగా చెప్పింది. పెట్టాల్సి వస్తే ఆ చోట మొద్దుబారే మందు ఇవ్వాలి, తల్లికి చెప్పి ఆమె ఒప్పుకున్నాకే పెట్టాలి అని కూడా రాసింది.

దీని అర్థం కోత ఎప్పుడూ తప్పే అని కాదు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతూ, నిమిషాలు విలువైనప్పుడు, పరికరంతో బిడ్డను తీయాల్సి వచ్చినప్పుడు, కోత బిడ్డను కాపాడవచ్చు. ఆ పని తెలిసిన చేయి అక్కడ ఉండాలి. అందుకే దవాఖాన కావాలి.

ఇక్కడ నేను మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. మేము నాయకపోళ్లం. మంథని అవతల అడవి పక్క ఊరు మాది. మా అమ్మమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్లకు మంత్రసాని. ఆమె చేతిలో కత్తెర బొడ్డు కోయడానికే. కాన్పయ్యే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టేది కాదు, మోకాళ్ల మీద కూర్చోబెట్టి దూలానికి కట్టిన తాడు పట్టుకోమనేది. వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి కింద అద్దేది. "ముక్కకు బిడ్డా, నిమ్మలంగ ఊపిరి పీల్చు. తల దాని తొవ్వ అది చేసుకుంటది" అనేది. ఆ వేడిగుడ్డ, తల్లికి నచ్చినట్టు కూర్చోనివ్వడం, తొందరపెట్టకపోవడం, ఇవన్నీ 2018 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లో చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

కానీ అదే అమ్మమ్మ చేతుల్లో మా చిన్నమ్మ చనిపోయింది. బిడ్డ పుట్టింది, మాయ పడలేదు, రక్తం ఆగలేదు. ఎడ్లబండి మీద వాగు దాటేలోపే ప్రాణం పోయింది. అమ్మమ్మ దగ్గర వేడిగుడ్డ ఉంది, రక్తం ఆపే ఇంజెక్షన్ లేదు. ఆమె చేతుల మీద అయిన కాన్పుల్లోనూ చిరుగులు పడేవి, కుట్టేవాళ్లు లేక ఆ ఆడవాళ్లు బతుకంతా మోశారు. ఈ మధ్య మనవాళ్లు కొందరు "మన పూర్వీకుల కాన్పులే మంచివి" అని రాస్తుంటే నాకు మా చిన్నమ్మ గుర్తొస్తుంది. 2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 43. దేశం మొత్తం మీద అది 97. దవాఖానలకు పోవడం వల్ల మిగిలిన ప్రాణాలు ఆ తేడాలో ఉన్నాయి. కాబట్టి మన ప్రశ్న దవాఖానా, ఇల్లా అన్నది కాదు. దవాఖానలో మనిషిని మనిషిగా చూసి నిర్ణయం తీసుకుంటారా, లేక "అందరికీ" అన్న లెక్కలో వేస్తారా అన్నదే.

ఈ మాట మా ఆయనతో అంటే ఆయన ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లుగా బాయి దిగుతున్న మనిషి. "బాయిల రూఫ్ మంచిగ కనబడ్డా సరే సపోర్టు పెట్టాల్సిందే. ఇక్కడ గట్టిగుంది, ఇక్కడ అక్కర్లేదు అని మేం అనుకుంటే పీనుగులు లేస్తయి. అందరికీ ముందే జాగ్రత్త పడితే తప్పేంది?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. రెండు మూడు రోజులు నా దగ్గర జవాబు లేదు. టీకాలు కూడా గుర్తొచ్చాయి. టీకా సూదే, పసిబిడ్డ ఒంట్లో గుచ్చేదే, ఏడిపించేదే. అయినా అందరికీ వేయించాలని ఇంటింటికీ తిరిగి చెప్పేది మనమే. మరి అందరికీ కోత అంటే మాత్రం నాకు ఎందుకు కోపం?

ఆలోచించగా నాకు తోచింది ఇది. అందరికీ ఒకే పని చేయడం దానంతట అది తప్పు కాదు. కానీ అలా చేయాలంటే, దానివల్ల మేలు జరుగుతుందని ముందుగా రుజువు కావాలి. టీకాకు ఆ రుజువు ఉంది. బాయిలో సపోర్టుకు ఆ రుజువు ఉంది, ఎన్నో ప్రమాదాల తర్వాత వచ్చిన నియమం అది. అందరికీ కోత అన్న పద్ధతిని పరీక్షకు పెడితే అది ఓడిపోయింది. ఇంకో తేడా కూడా ఉంది. సపోర్టు పెట్టినందుకు కార్మికుడికి గాయం కాదు. ఇక్కడ జాగ్రత్త పేరుతో చేసేదే గాయం. చిరుగుతుందేమోనన్న భయంతో ముందే కోయడం అంటే, కొంతమందికి రాబోయే గాయాన్ని తప్పించడానికి అందరినీ గాయపరచడం.

ఇది చెప్పాక మా ఆయన కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఆయనే అన్నాడు: "నిజమే గానీ, సపోర్టు పెట్టినంక గూడ సర్దార్ వచ్చి కర్రతోని రూఫ్ కొట్టి చప్పుడు వింటడు. చప్పుడు వినకుండ ఎవ్వడూ పనిలకు పోనియ్యడు." నాకు కావలసిన మాట అదే. నియమం ఎంత మంచిదైనా, ఎదురుగా ఉన్నదాన్ని చూడటం, వినడం మానేయడానికి అది సాకు కాకూడదు.

తప్పంతా నర్సమ్మల మీద, డాక్టర్ల మీద వేయడం కూడా న్యాయం కాదు. ఒక్క సిస్టర్ ఒకేసారి ముగ్గురు నలుగురు తల్లులను చూసుకోవాల్సిన రాత్రి, నిమ్మలంగా తల బయటికి వచ్చేదాకా చేయి అడ్డుపెట్టి కూర్చునే తీరిక ఆమెకు ఎక్కడిది? తొలికాన్పు అంటే కోత అని నేర్చుకున్న చేయి దాన్నే చేస్తుంది. కోయకపోతే, పెద్ద చిరుగు పడితే, తననే అంటారన్న భయం కూడా ఉంటుంది.

నేను ఇంత అర్థం చేసుకోవడానికి కారణం ఉంది. కొత్తగా టీచరైనప్పుడు నా బల్ల మీద కూడా బెత్తం ఉండేది. ఒక్క తరగతి గదిలో రెండు మూడు తరగతుల పిల్లలు. ఎవరు అల్లరి చేశారో చూసే ఓపిక లేక, వరసలో అందరి చేతుల మీదా ఒక్కొక్క దెబ్బ వేసిన రోజులున్నాయి. "పిల్లలకు భయం అవసరం" అనేదాన్ని. 2009 విద్యాహక్కు చట్టం వచ్చి పిల్లలను కొట్టకూడదని చెప్పినప్పుడు, ఇక బడి నడవదని మేమందరం అన్నాం. బడి నడిచింది. ఏ పిల్లవాడు ఎందుకు అల్లరి చేస్తున్నాడో చూడటం నేర్చుకోవాల్సి వచ్చింది, అంతే. నేను అవసరం అన్నది నిజానికి నా అలవాటు, నా తీరికలేమి. ఆ దెబ్బల నొప్పి మాత్రం పిల్లలది. ఎవరి సౌకర్యానికి ఎవరి ఒళ్లు నొస్తోంది అని అడిగితే, చాలాచోట్ల అలవాటు ఏదో, అవసరం ఏదో తెలిసిపోతుంది.

"అవసరం" అన్న మాటను ఆదివాసీలమైన మనం కొత్తగా వినడం లేదు. బొగ్గు దేశానికి అవసరం. నేను కాదనను, ఆ బొగ్గు జీతంతోనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. కానీ ఎవరి భూమి, ఎంత భూమి, వాళ్లను అడిగారా అన్న ప్రశ్నలు ఆ ఒక్క మాట కింద పూడిపోకూడదని మన పెద్దలు కొట్లాడారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్పింది. భూమి దగ్గర అడగాలన్న మనం, ఒంటి దగ్గర అడగొద్దా? చట్టం ఇక్కడా మన పక్షానే ఉంది. ప్రాణాపాయం లేనప్పుడు రోగి సమ్మతి తీసుకోవాలని, ఒకదానికి ఇచ్చిన సమ్మతి ఇంకోదానికి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

నొప్పుల్లో ఉన్న మనిషిని ఏం అడుగుతాం అంటారు. అందుకే నెలనెలా పరీక్షలకు పోయినప్పుడే మాట్లాడుకోవాలి. కాన్పు గదిలో ఒక్క వాక్యం చాలు: "బిడ్డకు ఇబ్బంది అవుతోంది, చిన్న కోత పెట్టాలి, పెట్టమంటావా?" ఆ ఒక్క వాక్యానికి ఎంత టైం పడుతుంది? ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చే గోండు, కొలాం తల్లులకు తెలుగులో చెబితే సగమే అందుతుంది. వాళ్లకు తమ భాష తెలిసిన తోడు ఉండాలి. 2017లో కేంద్రం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం కాన్పు గదిలో తల్లికి నచ్చిన తోడును ఉండనివ్వాలని, మర్యాదగా చూడాలని చెబుతోంది. అదే 2017లో మన పాత జిల్లా కేంద్రం కరీంనగర్‌లో రాష్ట్ర ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. సహజ కాన్పును ఓపికగా చూసే చేతులను తయారుచేయడం దాని ఉద్దేశం. అలాంటి మిడ్‌వైఫ్‌లు ప్రతి కాన్పు గదిలో కావాలని అడగడం మన హక్కు. ఎందుకంటే కోత భయం ఉన్నచోట పెద్దాపరేషన్ తేలిక దారిలా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ఆ లెక్కకు కారణాలు చాలా ఉన్నాయి. నా ముందు కూర్చున్న అమ్మాయి భయం లాంటి భయాలూ అందులో ఉంటాయి.

దవాఖాన వాళ్లనే అంటే సరిపోదు. మన ఇళ్లలో ఎంత అడుగుతున్నాం? ఎప్పుడు కనాలి, ఎంతమందిని కనాలి, ఎక్కడ కనాలి అన్నది అత్తమామలు, మొగుడు కలిసి తేలుస్తారు. దవాఖాన కాగితం మీద సంతకం కూడా చాలాసార్లు మొగుడిదే. ఇంట్లో ఎవరూ అడగని పిల్ల, దవాఖానలో "ఎందుకు?" అని ఎట్లా అడుగుతుంది? ఆ అలవాటు బడిలోనే రావాలి. "ఎందుకు టీచర్?" అన్న పిల్లను "నోర్మూసుకో" అన్న ప్రతిసారీ, రేపటి ఒక తల్లి నోరు మూయించినట్టే.

ఆ అమ్మాయికి చివరికి నేను చెప్పింది ఇదే. ఇంట్లో కనొద్దు. అప్పు చేసి కడుపు కోయించుకోవద్దు. సర్కారు దవాఖానకు పో. ఈ నెల పరీక్షకు పోయినప్పుడే సిస్టర్‌ను మర్యాదగా అడుగు: అవసరమైతేనే కోత పెట్టండి, పెట్టే ముందు నాకు చెప్పండి, అని. మీ అమ్మను పక్కన ఉండనివ్వమని అడుగు. నేను ఆశా కార్యకర్తతో మాట్లాడతాను. ఆమె భర్తను కూడా పిలిపించి, ఇద్దరికీ కలిపి చెప్పాను. అతను తలొంచుకుని విన్నాడు, కానీ విన్నాడు.

వానాకాలంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. చూడటానికి వెళ్లాను. మంచం మీద పక్కకు ఒరిగి పాలిస్తోంది. ఆ ఒరగడం చూడగానే నాకు అర్థమైంది. కోత పడింది. నా ముఖం చూసి ఆమే అంది: "పడ్డది టీచర్. పాప గుండె కొట్టుకునుడు తగ్గిందట. సిస్టర్ నా ముఖంల ముఖం పెట్టి చెప్పింది, సూది మందిచ్చి చేస్తా బిడ్డా, సరేనా అన్నది. సరే అన్న."

నొప్పిగా ఉందా అని అడిగాను. "ఉంది" అంది, బిడ్డను ఇంకో పక్కకు మార్చుకుంటూ. "కానీ ఎందుకో తెలుసు గదా."